వినే ఆటలు: ఏ ఆట పిల్లల్లో దేనికి పదును పెడుతుంది?

"మూడుసార్లు పిలిచినా పలకడు." "మూడు పనులు చెబితే ఒకటి చేసి వస్తుంది." "క్లాసులో బుద్ధిగానే కూర్చుంటాడు, అడిగితే ఒక్క ముక్క చెప్పడు." బడుల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఇలాంటి మాటలు వినిపిస్తాయి. వీటికి మందుగా ఈమధ్య 'వినే ఆటలు' బాగా ప్రచారంలోకి వచ్చాయి. ప్రీస్కూళ్ళ కరపత్రాల్లో, రీల్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పది ఆటలు, ఇరవై ఆటలు అంటూ జాబితాలు తిరుగుతున్నాయి. వాటిలో చాలావరకు మంచి ఆటలే. ఏ ఆట ఏ ఇబ్బందికి పనికొస్తుందో మాత్రం ఎక్కడా ఉండదు. పై మూడు ఫిర్యాదులూ పైకి ఒకేలా ఉన్నా వాటి మూలాలు వేరు. మొదటిది చెవిదో ధ్యాసదో కావచ్చు. రెండోది ఎక్కువగా జ్ఞాపకానికి సంబంధించింది. మూడోదానికి భాష అర్థం కాకపోవడం కారణం కావచ్చు, గదిలో చప్పుడూ కావచ్చు.

సంక్షిప్తంగా

వినడం ఒకే నైపుణ్యం కాదు. శబ్దం చేరడం, దానిమీద ధ్యాస నిలవడం, మాటల్ని కాసేపు మనసులో పట్టి ఉంచడం, దగ్గరి ధ్వనుల్ని వేరు చేయడం, చివరిదాకా విని అప్పుడు కదలడం అనే పనులు ఇందులో కలిసి ఉంటాయి. ఒక్కో ఆట వీటిలో ఒకటి రెండింటికే సాధన ఇస్తుంది. మన పాత ఆటల్లో కొన్ని ఇందుకు చక్కగా సరిపోతాయి, బాగా పేరున్న ఆటలు కొన్ని అనుకున్నంత పని చేయవు. చెవిలో లోపం ఉంటే ఏ ఆటా దాన్ని సరిచేయదు.

శబ్దం చెవిన పడ్డాక జరిగేది

గర్భంలో సుమారు 25వ వారానికల్లా శిశువు శబ్దాలకు స్పందించడం మొదలవుతుంది. పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లలు తల్లి గొంతును వేరే స్త్రీ గొంతు నుంచి గుర్తుపడతారని 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ చూపించారు. నోట్లో పెట్టిన పీకను ఒక పద్ధతిలో చప్పరిస్తే తల్లి గొంతు వినబడేలా ఏర్పాటు చేస్తే, పిల్లలు ఆ పద్ధతికే మొగ్గు చూపారు. కాబట్టి శబ్దాన్ని పట్టడం ఎవరూ నేర్పాల్సిన పని కాదు. నేర్పాల్సింది ఆ తర్వాత దశల్లో ఉంది.

మొదటి దశ ధ్యాస. 1953లో కొలిన్ చెర్రీ అనే పరిశోధకుడు పెద్దవాళ్ళకు రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే తిరిగి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఏం నడిచిందని తర్వాత అడిగితే దాదాపు ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యలో భాషే మారిపోయినా చాలామంది గమనించలేదు. చెవిన పడ్డదంతా మనసుకు చేరదన్నమాట. బొమ్మలో మునిగిన నాలుగేళ్ళ పిల్లవాడు పిలుపుకు పలకకపోతే ప్రతిసారీ దాన్ని మొండితనంగా లెక్కవేయడం సరికాదు.

రెండో దశ నిలుపుకోవడం. విన్న మాటల్ని మెదడు కొన్ని సెకన్లపాటు పట్టి ఉంచి, అర్థం చేసుకుని, పనిలోకి మార్చాలి. 1974లో అలన్ బ్యాడ్లీ, గ్రహామ్ హిచ్ దీన్ని పనిచేసే జ్ఞాపకంగా వివరించారు. పిల్లల్లో ఈ చోటు చిన్నది. నాలుగైదేళ్ళవాళ్ళు సాధారణంగా సంబంధం లేని మూడు నాలుగు మాటల దగ్గరే తడబడతారు. "షూస్ తీసి, కాళ్ళు కడుక్కుని, యూనిఫాం మార్చుకుని, బాక్స్ సింకులో వేసి, డైరీ తీసుకురా" అన్న ఆజ్ఞలో సగం దారిలోనే జారిపోవడం సహజం.

కాకి ఎగిరింది, గేదె ఎగిరింది

పిల్లలు గుండ్రంగా కూర్చుని చూపుడు వేలు నేలకు ఆనిస్తారు. నడిపేవారు "కాకి ఎగిరింది" అంటే వేళ్ళు లేవాలి. "పిచ్చుక ఎగిరింది", "కొంగ ఎగిరింది" అన్నా లేవాలి. అదే ఊపులో "గేదె ఎగిరింది" అంటే ఎవరి వేలూ కదలకూడదు. మెలిక ఏమిటంటే, నడిపేవారు ప్రతిసారీ తమ వేలు ఎత్తేస్తారు. ఎదుటివారి వేలు లేస్తుంటే పిల్లల వేలు తనంతట తనే లేవబోతుంది. చూసేది ఒకటి చెబుతుంటే వినేది ఇంకొకటి చెబుతుంది. వాటిలో చెవినే నమ్మాలి, పేరు అర్థం కావాలి, లేవబోయే వేలిని ఆపుకోవాలి. ఈ మూడూ సెకనులోపు జరగాలి. ("కోడి ఎగిరింది" దగ్గర గొడవ ఖాయం. కోడి ఎగురుతుందా లేదా అని పిల్లలు వాదించుకోవడం కూడా వినడంలో భాగమే కాబట్టి దాన్ని తొందరగా తెంచేయనక్కర్లేదు.)

పిల్లల ఆటల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసేవి అరుదు. ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఆడించే 'సైమన్ సేస్' కూడా ఇదే కోవలోది. "సైమన్ చెప్పాడు" అన్న మాట ముందుంటేనే చేయాలి, లేకపోతే ఆగాలి. ఆపుకునే ఈ శక్తిని కొలవడానికి అమెరికాలో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మెగన్ మెక్లెలాండ్, ఆమె సహచరులు ఆటలాంటి ఒక పరీక్షనే తయారుచేశారు. తల ముట్టుకోమంటే కాలివేళ్ళు ముట్టుకోవాలి, కాలివేళ్ళు అంటే తల ముట్టుకోవాలి. ఇందులో బాగా చేసిన పిల్లలు తర్వాత చదువులోనూ మెరుగ్గా ఉండే ధోరణి కనిపించింది. అయితే ఆ సంబంధాన్ని చూసి ఆట ఆడిస్తే మార్కులు పెరుగుతాయని తేల్చేయకూడదు. పరీక్షకు పనికొచ్చేదల్లా వైద్యానికి పనికిరాదు.

ఈ తరహా ఆటల్లో ఒక లోపం వాటి నిబంధనలోనే ఉంది. తప్పు చేసినవాళ్ళు 'అవుట్'. మొదట అవుటయ్యేది ఎవరు? ఆపుకోవడం రానివాళ్ళే. అంటే సాధన ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళు మొదటి రెండు నిమిషాల్లోనే గోడవారకు చేరతారు. మిగిలిన పది నిమిషాలు ముందునుంచే బాగా వినేవాళ్ళు ఆడతారు. పాయింట్లు పెట్టడమో, తప్పు చేసినవాళ్ళకు తర్వాతి రౌండు నడిపే అవకాశం ఇవ్వడమో చేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఇది చిన్న మార్పుగా కనిపించినా ఆట ఫలితమంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

తెలుగు వాక్యం పెట్టే పరీక్ష

ఇంగ్లిష్ నుంచి దించుకున్న ఆటల జాబితాలు పట్టించుకోని విషయం ఒకటుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, చాలాసార్లు 'వద్దు' అన్న సంగతి కూడా ఆ క్రియకు చివరే తేలుతుంది. ఇంగ్లిష్‌లో చేయవద్దని చెప్పాలంటే ఆ మాట మొదటే వచ్చేస్తుంది, వినే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. తెలుగులో "ఆ గిన్నె ముట్టుకో" వరకూ విన్నవాడికి ముట్టుకోమన్నట్టే ఉంటుంది. చివర్లో వచ్చే 'కు' వింటేగాని అది "ముట్టుకోకు" అని తెలియదు. ఒక్క అక్షరం అర్థాన్ని తలకిందులు చేస్తుంది. గది గోలలో తొందరగా మునిగిపోయేదీ ఆ అక్షరమే.

అందుకే తెలుగు పిల్లలకు "కూర్చో – కూర్చోకు", "లేవండి – లేవకండి", "నవ్వు – నవ్వకు" అంటూ ఆడించే ఆట, తల–కాళ్ళు ఆటకన్నా సూటిగా పనికొస్తుంది. నడిపేవారు మాటల్ని ఒకే రాగంలో పలకాలి. గొంతు పెంచి "కూర్చోకు!" అంటే పిల్లలు మాటను కాక కోపాన్ని వింటారు.

మరో మెలిక 'ముందు', 'తర్వాత'లది. "కూర్చునే ముందు చప్పట్లు కొట్టు" అన్న వాక్యంలో కూర్చోవడం మొదట వినబడుతుంది, చేయాల్సింది మాత్రం చప్పట్లు. ఇంగ్లిష్ మాట్లాడే మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు ఇలాంటి వాక్యాల్లో ఏది ముందు వినిపిస్తే అదే ముందు జరిగిందనుకుంటారని ఈవ్ క్లార్క్ 1971లో గమనించారు. తెలుగు బడుల్లో ఒకటో తరగతి గది చూసినా ఈ పొరపాటు దొరుకుతుంది. 'తప్ప' కూడా అలాంటిదే. "ఎర్ర రిబ్బను పెట్టుకున్నవాళ్ళు తప్ప అందరూ లేవండి" అనగానే ముందుగా లేచేది ఎర్ర రిబ్బన్లే. ఈ మూడు మాటల చుట్టూ ఐదు నిమిషాల ఆట అల్లుకోవడానికి ఏ కిట్టూ అక్కర్లేదు.

తీసి, పెట్టి, ఇచ్చి రా అన్న గొలుసు వాక్యాలు ఇంకో సాధన. "నీలం డబ్బా తెరిచి, రెండు గుండీలు తీసి, అమ్మమ్మకిచ్చి రా" అన్నప్పుడు ఒక్కో 'ఇ' దగ్గర వాక్యం పూర్తికాలేదన్న సూచన ఉంటుంది. రెండు పనులతో మొదలుపెట్టి, అవి తడబడకుండా వచ్చాకే మూడోది కలపాలి. పెద్దలు చేసే పొరపాటు, పిల్లవాడు కదలడం మొదలుపెట్టాక "ఆ, అలాగే వచ్చేటప్పుడు నీళ్ళు కూడా" అని అతికించడం. మనసులో ఉన్న జాబితా అక్కడే చెదిరిపోతుంది.

సంతకెళ్ళి ఏం తెచ్చావు?

ఒకరు "సంతకెళ్ళి బెల్లం తెచ్చాను" అంటారు. రెండోవారు "సంతకెళ్ళి బెల్లం, చీపురు తెచ్చాను" అంటారు. మూడోవారు ఆ రెండూ చెప్పి తన వస్తువు చేర్చాలి. ప్రపంచమంతా ఏదో ఒక రూపంలో ఆడే ఈ గొలుసు ఆట సూటిగా జ్ఞాపకానికే సాధన. ఇందులో గమనించాల్సింది వస్తువుల ఎంపిక.

పెద్దలకైనా పిల్లలకైనా ఒకేలా వినబడే మాటలు గుర్తుంచుకోవడం కష్టం. 1964లో కాన్రాడ్ అనే పరిశోధకుడు అక్షరాలతో దీన్ని నిరూపించాడు. పొడుగు మాటలు పొట్టి మాటలకన్నా తక్కువగా గుర్తుంటాయని 1975లో బ్యాడ్లీ బృందం చూపించింది. ఇప్పుడు తెలుగు కూరగాయల సంచి తెరిచి చూడాలి. వంకాయ, బీరకాయ, దొండకాయ, బెండకాయ, సొరకాయ, కాకరకాయ. అన్నీ మూడు నుంచి ఐదు అక్షరాలవి, అన్నీ 'కాయ'తోనే ముగుస్తాయి, దొండ, బెండ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. సంత ఆటను కూరగాయలతో మొదలుపెడితే ఐదేళ్ళ పిల్ల నాలుగో వంతుకే తికమకపడటంలో వింతేమీ లేదు. చిన్నవాళ్ళకు బెల్లం, గొడుగు, చేప, అరటిపండు లాంటి పొంతన లేని మాటలతో మొదలుపెట్టి, బాగా అలవాటయ్యాక 'కాయ'ల జాబితాకు పోవడం మంచి క్రమం.

వయసు కూడా చూడాలి. విన్నదాన్ని మనసులో గొణుక్కుంటూ నిలుపుకునే అలవాటు పిల్లల్లో సుమారు ఏడేళ్ళకు గాని స్థిరపడదు. అంతకన్నా చిన్నవాళ్ళను "మనసులో అనుకుంటూ ఉండు" అంటే పెద్దగా ఉపయోగం ఉండదు. ప్రతి వస్తువుకూ ఒక సైగ జోడిస్తే, గొడుగుకు చెయ్యి పైకెత్తడం, చీపురుకు ఊడ్చినట్టు చేయడం, గుర్తుండే జాబితా పొడుగవుతుంది.

విన్నదాన్ని పట్టి ఉంచే విద్యకు తెలుగువాళ్ళ దగ్గర ఒక పెద్ద నమూనా ఉంది. అష్టావధానంలో వ్యస్తాక్షరి అంశం తీసుకుంటే, ప్రశ్నలు వేసే పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఏది ఎన్నోదో చెబుతూ, సభ నడుస్తుండగా మధ్యమధ్యలో అందిస్తాడు. అవధాని చివర్లో మొత్తం వాక్యాన్ని కూర్చి చెబుతాడు. ఇంకొకరు గంట కొడుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క ఉంచుకోవాలి. అప్రస్తుత ప్రసంగి ఇవేమీ సాగనివ్వకుండా కబుర్లతో దారి తప్పిస్తుంటాడు. దీని చిన్న రూపం బడిలో ఆడించవచ్చు. కథ చదువుతూ 'నక్క' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనాలి. కాకపోతే లెక్క మీదే మనసు పెట్టిన పిల్లలకు కథ ఎగిరిపోతుంది. లెక్క అడిగాక "నక్క చివరికి ఎక్కడికెళ్ళింది?" అని కథ గురించి కూడా అడిగితేనే ఆట పూర్తయినట్టు.

జ్ఞాపకం ఆటల మీద ఆశలు కొంచెం తగ్గించుకోవడం మంచిది. పనిచేసే జ్ఞాపకానికి ఇచ్చే శిక్షణల మీద జరిగిన అధ్యయనాలను 2013లో మోనికా మెల్బీ-లెర్వాగ్, చార్లెస్ హల్మ్ కలిపి పరిశీలించారు. సాధన చేసిన పనిలో మెరుగుదల వచ్చింది గాని అది చదవడానికో లెక్కలకో పాకిన దాఖలా దొరకలేదు. సంత ఆటలో పన్నెండు వస్తువులు చెప్పే అమ్మాయి టీచర్ పాఠం కూడా అంతే బాగా గుర్తుంచుకుంటుందన్న హామీ లేదు. అందుకే ఆటలోని మాటలు రోజూ వినాల్సిన మాటలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. ఆజ్ఞల గొలుసు ఆట సంత ఆటకన్నా నిత్యజీవితానికి దగ్గరగా ఉందన్నది ఇక్కడ గమనించాలి.

చెవిలో మాట ఎందుకు మారిపోతుంది?

వరసగా కూర్చోబెట్టి ఒకరి చెవిలో ఒకరు మాట చెప్పుకునే ఆట అన్ని జాబితాల్లోనూ మొదటి మూడింట్లో ఉంటుంది. సరదాలో దానికి తిరుగులేదు. వినే సాధనగా మాత్రం దానికి అంత స్థానం ఇవ్వనక్కర్లేదు.

మొదటి కారణం గుసగుస. మామూలుగా మాట్లాడేటప్పుడు గ, ద, బ పలికితే గొంతులోని స్వరతంత్రులు కంపిస్తాయి, క, త, ప పలికేటప్పుడు కంపించవు. గుసగుసలో ఆ కంపనమే ఉండదు. దాంతో గది 'కది'లా, బడి 'పడి'లా చెవికి చేరతాయి. పిల్ల ఎంత శ్రద్ధగా విన్నా ధ్వనిలో ఆ తేడా చాలావరకు మిగలలేదు కాబట్టి, అర్థాన్నిబట్టి ఊహించుకోవాల్సిందే. తప్పు చెవిది కాదు, ఆట స్వభావానిది. రెండోది సమయం లెక్క. ముప్పై మంది వరసలో ఒక్కో పిల్ల వినేది మూడు సెకన్లు, ఎదురుచూసేది ఐదారు నిమిషాలు.

ఐదారుగురి జట్లుగా విడదీసి, గుసగుస బదులు దూరంగా తీసుకెళ్ళి నెమ్మదైన మామూలు గొంతుతో చెప్పనిస్తే, అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అని ఒకసారి అడిగే హక్కు ఇస్తే, ఇదే ఆట చాలా మెరుగవుతుంది. ఆ హక్కు ముఖ్యం. అర్థం కాలేదని గుర్తించి అడగడం బాగా వినేవాళ్ళ లక్షణం. మన తరగతి గదుల్లో మళ్ళీ అడిగిన పిల్లలకు తరచూ దక్కేది "ఇందాక ఎక్కడున్నావు?" అన్న చీవాటు.

కాళ్ళాగజ్జా నుంచి చదువు దాకా

పిల్లలు కాళ్ళు బారజాపి కూర్చుంటారు. ఒకరు 'కాళ్ళాగజ్జా కంకాళమ్మా' అంటూ ఒక్కో దెబ్బకు ఒక్కో కాలు తాకుతూ పోతారు. పాట చివరి దెబ్బ ఎవరి కాలిమీద పడితే వాళ్ళు ఆ కాలు ముడవాలి. చూడ్డానికి ఇది పంటలు వేసుకునే తంతులా ఉంటుంది. జరిగేది మాత్రం ధ్వనిని ముక్కలు చేయడం. ఎడతెగకుండా సాగే మాటల ధార ఎక్కడ విరుగుతుందో పిల్లలు చేత్తో తాకి తెలుసుకుంటారు. తాకేవాళ్ళు మోసం చేసి ఒక దెబ్బ ఎగరగొడితే మిగతావాళ్ళు పట్టేస్తారు. తన కాలు ముడుచుకోవాల్సి వస్తుందేమో అన్న టెన్షన్ ఉంది కాబట్టి ప్రతి దెబ్బా శ్రద్ధగా వింటారు.

మాటల్లోని ధ్వనుల్ని గుర్తించే ఈ శక్తికి, చదవడం నేర్చుకోవడానికి సంబంధం ఉందన్నది బాగా నిలబడిన విషయం. 1983లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ ఇంగ్లండ్‌లో పిల్లలకు రెండేళ్ళపాటు ఒకే ధ్వనితో మొదలయ్యే, ముగిసే మాటల్ని జతచేసే సాధన ఇచ్చారు. వాళ్ళు చదువులో మెరుగుపడ్డారు. ధ్వనులతోపాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా వాడినవాళ్ళు అందరికన్నా ముందున్నారు. వినే ఆటను చివర్లో అక్షరానికి ముడిపెడితే ఫలితం ఎక్కువని దీన్నిబట్టి తెలుస్తోంది.

పదాల అంత్యాక్షరి ఆ ముడి వేయడానికి అనువైన ఆట. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అక్షరం స్పష్టంగా వినబడుతుంది. చిలుక, కలువ, వల అంటూ సాఫీగా సాగుతుంది. రాముడు, దేవుడు రాగానే ఆట ఆగిపోతుంది, 'డు'తో మొదలయ్యే మాట పిల్లల నోట ఎక్కడిది? గుణింతంతో పనిలేకుండా 'డ' వస్తే చాలన్న సడలింపు ఇవ్వాలి. చిన్న పిల్లలతో మొదటి అక్షరం ఆట ఇంకా తేలిక. 'మ'తో మొదలైతే చప్పట్లు, కాకపోతే నిశ్శబ్దం.

దీర్ఘం, ఒత్తు తెలుగులో అర్థాన్నే మార్చేస్తాయి. మెడ, మేడ. గడి, గడ్డి. ఇలాంటి జంటల బొమ్మలు రెండు మూలల్లో పెట్టి, మాట వినగానే సరైన మూలకు పరుగెత్తమంటే, రాతలో వచ్చే సగం తప్పులకు అక్కడే పునాది స్థాయిలో పరిష్కారం దొరుకుతుందని ఆశించవచ్చు. గుడింతాల్లో దీర్ఘాలు మింగేసే పిల్లలు చాలాసార్లు వాటిని వినడంలోనే మింగేస్తుంటారు.

కళ్ళకు గంతలు కట్టే ఆటలు, వీరి వీరి గుమ్మడిపండు లాంటివి ఇంకో కోవ. అడుగుల చప్పుడు, ఆపుకోలేని నవ్వు ఎటునుంచి వచ్చిందో పట్టడం రెండు చెవులూ కలిసి చేసే పని. ఒక చెవికీ రెండో చెవికీ శబ్దం చేరే వ్యవధిలో తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, మెదడు దాన్నిబట్టే దిక్కు పోలుస్తుంది. భాషకు దీనివల్ల ఒరిగేది తక్కువ.

విదేశాల్లో పెరిగే పిల్లలు, తెర ముందు పెరిగే పిల్లలు

అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల పెరిగే తెలుగు పిల్లలకు త, ట తేడా చిక్కు తెస్తుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగంలో ఇంగ్లిష్ వాతావరణంలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ఈ రెండు ధ్వనుల్నీ వేరుచేయగలిగారు. పది నుంచి పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ శక్తి బాగా సన్నగిల్లింది. చుట్టూ వినబడని తేడాను మెదడు వదిలేస్తుంది. ఇంట్లో తెలుగు వినబడుతూ ఉంటే ఆ తేడా నిలుస్తుంది, బలహీనపడినా సాధనతో కొంత తిరిగొస్తుంది. కోతి–కోటి, పాత–పాట, మాత–మాట జంటలతో ఆడే ఆట అక్కడి పిల్లలకు ఊళ్ళో పిల్లలకన్నా ఎక్కువ అవసరం. "కోతి రూపాయలు కావాలా?" అంటే నవ్వు వచ్చిందంటే తేడా తెలిసినట్టే.

ఈ సాధనకు వీడియో పెడితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. 2003లో పట్రిషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని మనిషి ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనులు పట్టుకున్నారు. అదే మనిషి వీడియోలో మాట్లాడితే, ఆడియో మాత్రమే పెడితే ఏమీ పట్టుకోలేదు. పెద్ద పిల్లల విషయం కొంత వేరే అయినా, వినే ఆటల యాప్‌లు ఒక పని చేయలేవు. పిల్ల ముఖం చూసి, అర్థం కాలేదని గ్రహించి, వాక్యం మార్చి చెప్పడం మనిషికే సాధ్యం. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, రెండేళ్ళ లోపు వారికి అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఆటకు అందనివి

కొన్నిసార్లు పిల్లలు వినకపోవడానికి కారణం చెవే. జలుబు తర్వాత మధ్యచెవిలో నీరు చేరడం చిన్న వయసులో చాలా మామూలు. నొప్పి ఉండకపోవచ్చు, ఒక వారం బాగా వినబడి ఇంకో వారం మందగించవచ్చు. అందుకే ఇంట్లోవాళ్ళకు "కావాలనే చేస్తున్నాడు" అనిపిస్తుంది. ఆటల్లో కొన్ని ఆనవాళ్ళు బయటపడతాయి. ముఖం చూస్తూ చెబితే చేసి, వెనకనుంచి చెబితే చేయకపోవడం, గంతల ఆటలో ఎప్పుడూ ఒకే వైపు తప్పుపోవడం, స, ష లాంటి సన్నని ధ్వనులు పట్టకపోవడం. ఇవి కనబడితే ఆటలు పెంచడం కాదు, చెవి పరీక్ష చేయించాలి. పిల్లల్లో వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించదగ్గ కారణాల వల్ల వచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బృందాలు చూసే సమస్యల్లో వినికిడి కూడా ఉంది. వినికిడి లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో పనిచేస్తోంది.

రెండోది గది. మాట స్పష్టంగా అందాలంటే టీచర్ గొంతు చుట్టుపక్కల చప్పుడుకన్నా 15 డెసిబెల్స్ ఎక్కువుండాలన్నది నిపుణులు సూచించే ప్రమాణం. రేకుల కప్పు, కిర్రుమనే ఫ్యాను, పక్క తరగతిలో ఎక్కాల కోరస్ ఉన్నచోట అది కుదరదు. మిగిలిన మాటల ముక్కల్నిబట్టి పెద్దలు వాక్యాన్ని ఊహించుకోగలరు, మాటల నిల్వ తక్కువున్న పిల్లలు ఊహించుకోలేరు. చివరి బెంచీని ముందుకు జరపడం ఒక్కోసారి నెల రోజుల ఆటలకన్నా ఎక్కువ పని చేస్తుంది.

బడిలో చోటెంత?

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించింది. 2021 జూలైలో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ వచ్చింది. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం ఆటకు, మౌఖిక భాషకు పెద్ద పీట వేసింది. తెలుగు వాచకాల్లో పాఠం చివర 'వినడం – ఆలోచించి మాట్లాడటం' అన్న శీర్షిక ఎప్పటినుంచో ఉంది. కాగితం మీద లోటు లేదు. పరీక్ష మాత్రం రాతలోనే జరుగుతుంది, సిలబస్ వెనకబడినప్పుడు ముందుగా కత్తెరపడేది మార్కులు లేని ఆ శీర్షికకే. ప్రైవేటు ప్రీస్కూళ్ళ సమస్య ఇంకో రకం. అక్కడ ఆటలుంటాయి, ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇంట్లో తెలుగే వినే మూడేళ్ళ పిల్ల 'సైమన్ సేస్'లో తప్పుచేస్తే అది వినకపోవడమా, భాష రాకపోవడమా అన్నది తేలదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా ఉన్న అంగన్‌వాడీలకు పరీక్షల ఒత్తిడి లేదు. వాటి ఇబ్బంది, మూడేళ్ళవాళ్ళూ ఐదేళ్ళవాళ్ళూ ఒకే గదిలో ఉండటం. చిన్నవాళ్ళకు సరిపోయే ఆట పెద్దవాళ్ళకు విసుగు పుట్టిస్తుంది. దీనికి తేలికైన ఏర్పాటు, కాకి–గేదె ఆటను ఐదేళ్ళవాళ్ళ చేత నడిపించడం. నడిపే పిల్ల పేరు ఎంచుకోవాలి, వాక్యం స్పష్టంగా పలకాలి, ఎవరి వేలు తప్పుగా లేచిందో కనిపెట్టాలి. ఆడే మూడేళ్ళవాళ్ళకన్నా ఆమె చేయాల్సిన పని ఎక్కువ, టీచర్‌కు ఆ పది నిమిషాలు ఎవరు వెనకనుంచి వచ్చిన మాటకు కదలడం లేదో చూసుకోవడానికి దొరుకుతాయి.